అమ్మానాన్నలు, పిల్లలతో లేక్ ఆఫ్ ది అర్బకిల్స్: పొద్దున వాగు, సాయంత్రం చెరువు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటారు, గుంటూరు నుంచి అమ్మానాన్నలు వచ్చారు, పిల్లలకి తొమ్మిదేళ్ళు, ఐదేళ్ళు. జులైలో ఒక వారాంతం ఓక్లహోమాలోని లేక్ ఆఫ్ ది అర్బకిల్స్‌కి వెళ్దామనుకుంటున్నారు. నీళ్ళలో దిగొచ్చా, ఒక్క రోజు చాలుతుందా, టెంట్ వేసుకోవాలా, దానికంటే దగ్గర్లోని టర్నర్ ఫాల్స్ జలపాతం మేలా అని మీ సందేహాలు. ఇంట్లో మీకు తప్ప ఎవరికీ ఈత రాదని కూడా చివర్లో రాశారు. నేను చెప్పబోయేదంతా ఆ చివరి మాటని బట్టే ఉంటుంది.

మేము డాలస్ వైపు నుంచి చాలా ఏళ్ళుగా అక్కడికి వెళ్తున్నాం. ఊరినుంచి వచ్చిన పెద్దవాళ్ళని, చిన్నపిల్లల్ని, కొత్తగా వచ్చిన స్టూడెంట్లని అందరినీ తీసుకెళ్ళాం. నా సలహా ఒకే ముక్కలో చెప్పాలంటే, నీళ్ళలో ఆడుకోవడానికి వాగు, చూడ్డానికీ కూర్చోవడానికీ చెరువు. ఈ రెండూ ఒకే పార్కులో ఉన్నాయని చాలామందికి తెలియదు. మ్యాప్‌లో లేక్ పేరు కొట్టుకుని నేరుగా గట్టు మీదికి పోయి, ఎండలో రెండు గంటలు మాడి, ‘ఏముంది అక్కడ’ అని వెనక్కి వచ్చేస్తారు.

ఆ పార్కు పేరు చికసా నేషనల్ రిక్రియేషన్ ఏరియా. సల్ఫర్ అనే చిన్న ఊరికి ఆనుకుని ఉంటుంది. లోపలికి వెళ్ళడానికి టికెట్ లేదు. తూర్పు వైపు ట్రావర్టీన్ క్రీక్ అనే ఊటవాగు, దాని పొడవునా చెట్లు, చిన్న చిన్న జలపాతాలు. నైరుతి వైపు లేక్ ఆఫ్ ది అర్బకిల్స్. కారులో ఒకచోటి నుంచి ఇంకోచోటికి కొద్ది నిమిషాల దూరం.

వాగు సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే మీ ఇంటివాళ్ళకి పనికొచ్చేది అదే. అర్బకిల్ కొండలు సున్నపురాయి కొండలు. వాన నీరు ఆ రాళ్ళలోకి ఇంకి, సున్నాన్ని కరిగించుకుని, బఫెలో స్ప్రింగ్స్, ఆంటిలోప్ స్ప్రింగ్స్ అనే రెండు ఊటల దగ్గర మళ్ళీ పైకి వస్తుంది. వాగులో దొర్లుతూ గాలి తగిలేకొద్దీ నీటిలోని కార్బన్ డయాక్సైడ్ పోయి, కరిగిన సున్నం మళ్ళీ రాయిగా పేరుకుంటుంది. ఆ రాయినే ట్రావర్టీన్ అంటారు. వాగులో మెట్లు మెట్లుగా కనిపించే అంచులు అలా ఏర్పడ్డవే. వాటితోపాటు 1933 నుంచి 1940 మధ్య సివిలియన్ కన్జర్వేషన్ కోర్ కుర్రాళ్ళు కట్టిన రాతి కట్టలూ, మెట్లూ, మంటపాలూ ఉన్నాయి. పనుల్లేని రోజుల్లో ప్రభుత్వం కూలికి పెట్టుకున్న యువకులు కట్టినవి అవి. ఇన్నేళ్ళ తర్వాత కూడా రాయి కదల్లేదు. మీ నాన్నగారికి ఇలాంటివి ఇష్టమైతే అక్కడి గోడల పనితనం దగ్గరికి వెళ్ళి చూడమనండి.

ఊట నీరు కాబట్టి నడి వేసవిలో కూడా చల్లగా ఉంటుంది, ఊట దగ్గర దాదాపు 18 డిగ్రీల సెల్సియస్. బయట 37, 38 ఉన్నప్పుడు ఆ నీళ్ళలో కాళ్ళు పెడితే ప్రాణం లేచొస్తుంది. కానీ ఐదేళ్ళ పిల్లని ఒక్కసారిగా ముంచకండి. ముందు పాదాలు, తర్వాత మోకాళ్ళు. పెదాలు రంగు మారినా, వణుకు మొదలైనా బయటికి తీసి తువ్వాలు చుట్టాలి. ‘ఇంకాసేపు’ అని ఏడుస్తారు. ఏడవనివ్వండి.

లిటిల్ నయాగరా అనే చోటు ఈ వాగులో అందరూ ఎగబడేది. జలపాతం కింద మడుగు లోతుగా ఉంటుంది, కుర్రాళ్ళు పైనుంచి దూకుతుంటారు. అది మీ చోటు కాదు. చూసి ఫోటో తీసుకుని, అక్కడినుంచి వాగు వెంట దిగువకి నడవండి. మోకాలి లోతు, అంతకంటే తక్కువ లోతున్న చోట్లు కనిపిస్తాయి. పక్కన నీడ, బల్లలు ఉంటాయి. అక్కడ సామాను పెట్టుకుంటే పెద్దవాళ్ళు రాయి మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకోవచ్చు, పిల్లలు కళ్ళ ముందే ఆడుకుంటారు.

ఒక్క జాగ్రత్త. ఆ రాళ్ళ మీద పాచి ఉంటుంది, పైకి కనిపించదు. రబ్బరు చెప్పులతో అడుగేస్తే జారడం ఖాయం. అందరికీ, ముఖ్యంగా మీ అమ్మగారికి, వెనక మడమ పట్టి ఉండే వాటర్ షూస్ కొనండి. అమ్మగారు నీళ్ళలో దిగుతానంటే చీర, చున్నీ వద్దు. తడిస్తే బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంటాయి. పైజామా మీద టీషర్టు వేసుకోమని ఇంటి దగ్గరే ఒప్పించండి, అక్కడ ఒప్పుకోరు.

ఇంకో సంగతి, కరువు ఏడాదుల్లో ఊటలు ఎండిపోతాయి. అప్పుడు వాగు చాలామేరకు రాళ్ళే. బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైట్‌లో వాగు పారుతోందో లేదో చూడండి, లేదా ఫోన్ చేసి అడగండి, చక్కగా చెప్తారు. పెద్ద వాన పడ్డ మర్నాడు మాత్రం వాగులో దిగకండి. ఒడ్డున ఉన్న మురికంతా నీళ్ళలోకి వచ్చి ఉంటుంది.

ఇక చెరువు. రాక్ క్రీక్, బక్‌హార్న్ క్రీక్, గై శాండీ క్రీక్ అనే వాగులు కలిసే చోట 1960లలో డ్యాం కట్టడంతో ఏర్పడింది. సుమారు 2,350 ఎకరాల నీరు, 36 మైళ్ళ తీరం. చుట్టుపక్కల ఊళ్ళకి మంచినీళ్ళు ఇక్కడినుంచే వెళ్తాయి. ఆ చుట్టుపక్కల చెరువులతో పోలిస్తే నీరు తేటగా ఉంటుంది. ఆ తేటతనమే మనవాళ్ళని మోసం చేస్తుంది. తేట నీటిలో అడుగు ఎప్పుడూ ఉన్నదానికంటే పైకి కనిపిస్తుంది.

ఇది పుట్టుచెరువు కాదు, మునిగిపోయిన లోయ. ఒడ్డు నుంచి పది అడుగులు నడుం లోతులో నడిచి, పదకొండో అడుగు పాత వాగు గట్టు మీద నుంచి లోతులోకి పడొచ్చు. స్విమ్మింగ్ పూల్‌లో లాగా లోతు క్రమంగా పెరుగుతుందని, గోడ మీద అంకెలు రాసి ఉంటాయని అలవాటుపడ్డ పిల్లలకి ఇది అర్థం కాదు. పైగా లైఫ్‌గార్డులు ఉండరు.

దానికి తోడు గాలి. ఈ మైదానాల్లో వేసవిలో దక్షిణపు గాలి మధ్యాహ్నానికి బాగా జోరందుకుంటుంది. గాలి నింపిన బాతులు, ట్యూబులు, బంతులు చూస్తుండగానే లోపలికి కొట్టుకుపోతాయి. వాటి వెంట పడి ఈదుతూ వెళ్ళినవాళ్ళు వెనక్కి తిరిగేసరికి ఎదురుగాలి, అలలు, అలసట. పిల్లలకి ముందే చెప్పండి: పోయిన బంతి పోయినట్టే, నాన్న ఇంకోటి కొంటాడు.

లైఫ్ జాకెట్ గురించి కాస్త వివరంగా రాస్తాను. చేతులకి తొడిగే గాలి పట్టీలు లైఫ్ జాకెట్లు కావు. లోపల యూఎస్ కోస్ట్‌గార్డ్ ఆమోదం ఉన్నట్టు రాసి ఉన్నది, పిల్లల బరువుకి తగ్గది కొనాలి. తొడిగాక బకిల్స్ అన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. జాకెట్ చెవులదాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టు, నీళ్ళలో పిల్లవాడు కిందికి జారిపోతాడు. గడ్డం కింద ఆగిందంటే సరిపోయినట్టు. ఐదేళ్ళ పాపకి కాళ్ళ మధ్యనుంచి వచ్చే పట్టీ ఉన్నదే తీసుకోండి. చిన్న బోటులో ఎక్కితే పన్నెండేళ్ళు, అంతకు లోపు పిల్లలు జాకెట్ వేసుకునే ఉండాలన్నది ఓక్లహోమా చట్టం. పెద్దవాళ్ళకి కూడా కొనండి. మగవాళ్ళు ‘నాకెందుకు, నాకు ఈత వచ్చు’ అంటారు. ఊళ్ళో బావిలో, కాలవలో నేర్చిన ఈతకీ, గాలి కొట్టే చెరువులో ఈదడానికీ తేడా ఉంది.

మీరు టర్నర్ ఫాల్స్ గురించి అడిగారు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. 2019 నవంబరులో టెక్సస్‌లో చదువుకున్న ఇద్దరు తెలుగు కుర్రాళ్ళు అక్కడే మునిగి చనిపోయారు. నీళ్ళలో పోయిన మన పిల్లల వార్తలు చదువుతుంటే ఒక వరస కనిపిస్తుంది. ఒకడు మునుగుతుంటే ఇంకొకడు కాపాడబోతాడు. మునిగేవాడు ఊపిరి కోసం దొరికినవాడి మీద ఎక్కేస్తాడు, ఇద్దరూ పోతారు. అందుకని మీ ఇంట్లో ఈత వచ్చిన ఒక్కరూ మీరే కాబట్టి మీకే చెప్తున్నా: ఎవరైనా ఇబ్బందిలో ఉంటే ఖాళీ చేతులతో దూకకండి. తాడు, కూలర్ మూత, ఖాళీ నీళ్ళ క్యాన్, ఏది దొరికితే అది విసరండి, 911కి ఫోన్ చేయమని ఇంకొకరికి చెప్పండి. వెళ్ళక తప్పకపోతే జాకెట్ వేసుకుని, పట్టుకోవడానికి ఇంకో జాకెట్ చేతిలో పట్టుకుని వెళ్ళండి. మునిగేవాళ్ళు సినిమాల్లోలా కేకలు వేయరు. నోరు నీటి మట్టానికి ఉండి, తల వెనక్కి వాలి, నిశ్శబ్దంగా ఉంటారు. పిల్లల్ని చూసుకునే పని ఒకరికి అప్పజెప్పండి, వాళ్ళ చేతిలో ఫోన్ ఉండకూడదు, అరగంటకోసారి మనిషి మారాలి. ‘అందరూ చూస్తున్నారు’ అంటే ఎవరూ చూడట్లేదని అర్థం.

టర్నర్ ఫాల్స్ అందమైన చోటే. 77 అడుగుల జలపాతం, హనీ క్రీక్ మీద ఉంది, డేవిస్ పట్టణం నడుపుతుంది. టికెట్ ఉంటుంది, వేసవి వారాంతాల్లో విపరీతమైన రద్దీ, మెట్లూ రాళ్ళూ ఎక్కువ. ఈత రాని పెద్దవాళ్ళు, ఐదేళ్ళ పాప ఉన్న మీ కుటుంబానికి నేనైతే ఈసారి వద్దంటాను.

రోజు ఎలా గడపాలంటే, తెల్లవారుజామున ఐదున్నరకల్లా బయల్దేరండి. ఐ-35 మీద ఉత్తరానికి వెళ్తూ రెడ్ రివర్ దాటితే ఓక్లహోమా. 55వ ఎగ్జిట్ దగ్గర దిగి, 7వ నంబరు హైవే మీద డేవిస్ మీదుగా తూర్పుకి వెళ్తే సల్ఫర్. ఫ్రిస్కో నుంచి రెండు గంటలలోపే. ఎనిమిదిలోపు వాగు దగ్గర ఉండాలి, ఎందుకంటే వేసవి వారాంతాల్లో పార్కింగ్ నిండగానే లిటిల్ నయాగరా వైపు దారి మూసేస్తారు. పదింటికి వచ్చి గేటు బయట తిరిగేవాళ్ళు ప్రతి శనివారం కనిపిస్తారు. సెలవు పెట్టగలిగితే మంగళ, బుధవారాలు హాయి. జులై 4 వచ్చే వారాంతం మాత్రం అసలు వద్దు.

ఇంటి దగ్గరే పులిహోర, దద్దోజనం చేసుకుని వెళ్ళండి, దద్దోజనం కూలర్‌లోనే ఉంచాలి. పచ్చడి గాజు సీసాలో తీసుకెళ్ళకండి. నీళ్ళ దగ్గర గాజు సీసాలు నిషేధం, అది న్యాయమైన నిషేధం కూడా, అందరూ వట్టికాళ్ళతో తిరిగే చోటు అది. ప్లాస్టిక్ డబ్బాలో మార్చుకోండి. తిన్న గిన్నెలు వాగులో కడగకండి, మెతుకులు నీళ్ళలో వేయకండి. మనవాళ్ళు కూర్చుని లేచిన చోట కరివేపాకు, నిమ్మచెక్కలు, పేపర్ ప్లేట్లు చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఒక సంచీ ఎక్కువ తీసుకెళ్ళి మొత్తం తిరిగి తెచ్చేయండి. తాగే నీళ్ళు మాత్రం మీరే దండిగా తీసుకెళ్ళాలి. నాన్నగారికి షుగరు ఉండి ఇన్సులిన్ వాడుతుంటే అది కారులో వదలొద్దు, కూలర్‌లో గుడ్డ చుట్టి, ఐస్‌కి నేరుగా తగలకుండా పెట్టండి.

పన్నెండు దాటాక ఎండలో ఉండకండి. సల్ఫర్‌లోనే చికసా కల్చరల్ సెంటర్ ఉంది, 2010లో తెరిచారు, లోపల ఏసీ. పెద్దవాళ్ళతో అక్కడ రెండు గంటలు సులభంగా గడిచిపోతాయి. చికసాలు అమెరికా ఆదివాసీ తెగ, మొదట మిసిసిపీ ప్రాంతపువాళ్ళు. 1830లలో వాళ్ళని సొంత నేల నుంచి లేపి ఇక్కడికి పంపించారు. ఈ ఊటల చుట్టూ వ్యాపారులు చేరి నీళ్ళని సొంతం చేసుకుంటారన్న భయంతో, 1902లో చికసాలు, చోక్తాలనే ఇంకో తెగవాళ్ళు కలిసి 640 ఎకరాలు ఫెడరల్ ప్రభుత్వానికి ఇచ్చారు, అందరికీ తెరిచి ఉంచాలని. 1906లో దానికి ఒక సెనేటర్ పేరు మీద ప్లాట్ నేషనల్ పార్క్ అని పేరు పెట్టారు. 1976లో చెరువునీ దాన్నీ కలిపి చికసాల పేరు పెట్టారు. మీరు టికెట్ లేకుండా లోపలికి వెళ్తున్నారంటే దాని వెనక ఆ నిర్ణయం ఉంది. పిల్లలకి ఇది కథగా చెప్పండి. 2011లో ఈ పార్కు బొమ్మతో పావు డాలర్ నాణెం కూడా వచ్చింది, దాని మీద పార్కులోని లింకన్ బ్రిడ్జ్ ఉంటుంది. నాణేల డబ్బాలో వెతకమంటే దారంతా అల్లరి చేయరు.

పార్కు ముంగిట వెండోమ్ వెల్ ఉంది, 1922లో తవ్విన ఆర్టీసియన్ బావి. మోటారు లేకుండా నీరు తనంతట తనే ఎగజిమ్ముతుంది. గంధకం వాసన గట్టిగా వస్తుంది, ఊరికి సల్ఫర్ అన్న పేరు అంతకుముందే ఉన్న ఇలాంటి గంధకపు ఊటల వల్లే. ఐదు నిమిషాలు ఆగి చూడండి చాలు.

సాయంత్రం ఆరు తర్వాత చెరువుకి వెళ్ళండి. ఒడ్డున ది పాయింట్ అనే చోటు గానీ, బక్‌హార్న్ అనే చోటు గానీ, ఏదైనా ఒకటి. జులైలో పొద్దు ఎనిమిదిన్నర దాటాకే గుంకుతుంది కాబట్టి రెండు గంటలకి పైగా వెలుగు ఉంటుంది. బోట్లు వెనక్కి వచ్చేస్తుంటాయి, ఒడ్డున కూర్చుని టీ తాగొచ్చు. పాదాలు తడిపేంతవరకే ఈత రానివాళ్ళు, అది కూడా జాకెట్‌తో. నాన్నగారు నడవాలంటే దగ్గర్లోనే వెటరన్స్ లేక్ అనే చిన్న చెరువుంది, చుట్టూ సుమారు మూడు మైళ్ళ బాట, ఎత్తుపల్లాలు తక్కువ. సగం దూరం నడిచి తిరిగి రావచ్చు. చేపలు పట్టాలని ఉంటే టెక్సస్ లైసెన్సు చెల్లదు, ఓక్లహోమాది ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. సొంత బోటు దింపాలంటే విడిగా ఫీజు ఉంటుంది.

పురుగుల విషయం మర్చిపోకండి. గడ్డిలో చిగ్గర్లనే కంటికి ఆనని పురుగులు ఉంటాయి. చీలమండలు, నడుము, బట్ట బిగిసే చోటల్లా కుట్టి వారం రోజులు దురద పెడతాయి. పశువులకి పట్టే గోమార్ల లాంటివి కూడా ఉంటాయి, వీటినే ఇక్కడ టిక్స్ అంటారు. గడ్డి మీద నేరుగా దుప్పటి పరుచుకుని పడుకోకండి, బల్ల మీద కూర్చోండి. సాక్సులకీ పాదాలకీ మందు రాసుకోండి, ఇంటికి రాగానే స్నానం చేసి పిల్లల చెవుల వెనక, మోకాళ్ళ వెనక వెతకండి. బాట పక్కన మూడేసి ఆకులుగా ఉండే తీగ పాయిజన్ ఐవీ, తాకితే దద్దుర్లు, దురద. అమ్మగారు ఏదో ఆకుకూర అనుకుని తుంపకుండా చూడండి, నేను నిజంగానే చెప్తున్నా, ఊరినుంచి వచ్చిన పెద్దవాళ్ళకి ఆకు కనిపిస్తే చేయి ఆగదు. పాములున్నాయి, రాళ్ళ సందుల్లో చేతులు పెట్టొద్దని పిల్లలకి చెప్తే చాలు.

ఇక వాతావరణం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇది టోర్నడోల నేల. 2024 ఏప్రిల్ 27న వచ్చిన టోర్నడో సల్ఫర్ పట్టణం నడిబొడ్డుని నేలమట్టం చేసింది. మీరు వెళ్ళినప్పుడు ఆ ఊళ్ళోనే పెట్రోలు కొట్టించి, అక్కడి కొట్లలోనే ఐస్, సరుకులు కొనండి, వాళ్ళకి అది అవసరం. జులైలో టోర్నడో భయం తక్కువే కానీ ఉరుముల వాన ఎప్పుడైనా రావచ్చు. ఉరుము వినపడిందంటే అందరూ నీళ్ళలోంచి బయటికి వచ్చి కారులోకి, చెట్టు కిందికి కాదు. ఇక్కడ వాన హెచ్చరికలు కౌంటీ పేరుతో వస్తాయి. మనకి ఊరి పేరే తెలుసు కాబట్టి రేడియోలో చెప్పినా పట్టించుకోం. గుర్తుపెట్టుకోండి, సల్ఫర్, ఈ పార్కు ఉన్నది ముర్రే కౌంటీ. కొండల మధ్య కొన్నిచోట్ల సిగ్నల్ సరిగా ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

తిరుగు దారిలో టైముంటే 51వ ఎగ్జిట్ దగ్గర ఫ్రైడ్ పైలు అమ్మే చోటుంది. పండ్ల ముద్ద కూరి నూనెలో వేయించినవి, చూడ్డానికి అచ్చం మన కజ్జికాయలే. మీ అమ్మగారు ఒకటి తిని, పిండి ఎలా కలిపారో అడగమంటారు.

టెంట్ సంగతి. జులైలో మొదటిసారి, అమ్మానాన్నలతో వద్దు. రాత్రి పది దాటినా వేడి దిగదు, టెంట్‌లో ఫ్యాన్ లేకుండా పెద్దవాళ్ళు నిద్రపోలేరు, మర్నాడు ఎవరికీ ఓపిక ఉండదు. ఒక్క రోజులో వెళ్ళిరండి, లేదంటే డేవిస్‌లోనో సల్ఫర్‌లోనో గది తీసుకోండి. అక్టోబరు చివర్లో అయితే పిల్లలతో తప్పకుండా టెంట్ వేయండి. అప్పటికి ఎండ దిగుతుంది, పురుగులు తగ్గుతాయి, ఆకులు రంగు మారతాయి. చెరువు ఒడ్డున కావాలంటే బక్‌హార్న్, ది పాయింట్. రెండిట్లోనూ కరెంటు ఉన్న సైట్లు కొన్ని ఉంటాయి. సైట్లు బుక్ చేసుకునే రిక్రియేషన్ డాట్ గవ్‌లో శుక్రవారాలు ముందే అయిపోతాయి, గురువారం రాత్రి నుంచి తీసుకుంటే దొరికే అవకాశం ఎక్కువ. ఎండు రోజుల్లో మంటలు నిషేధిస్తారు కాబట్టి కట్టెల మీద వంట అని ఒక్కదాన్నే నమ్ముకోకుండా చిన్న గ్యాస్ స్టవ్ పెట్టుకోండి. ఆ టైముకి మీ తొమ్మిదేళ్ళ బాబుని ఈత క్లాసులో చేర్పించగలిగితే ఇప్పుడే చేర్పించండి. మీ సిటీ రిక్రియేషన్ సెంటర్లో వేసవి బ్యాచ్‌లు నడుస్తుంటాయేమో అడగండి, పెద్దవాళ్ళ బ్యాచ్ ఉంటే మీ ఆవిడ కూడా చేరొచ్చు.